వీధి అందరిదీ, అప్పు ఎవరిది వాళ్లదే

కాలిఫోర్నియాలో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మొదట పిల్లల చదువులు, తర్వాత ఇళ్ల రేట్లు, ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నా ఒకటే మాట: "ఇక్కడ బతకలేమండీ, టెక్సాస్ పోవాలి." ఇలా అన్నవాళ్లలో చాలామంది మరుసటేడు కూడా అదే సోఫాలో కూర్చుని, అవే పకోడీలు తింటూ, అదే మాట అంటుంటారు. నేను ఆ సోఫాకి శాశ్వత సభ్యుణ్ని.

ఈ రాష్ట్రానికి రెండు గొప్పలున్నాయి. ఒకటి వైవిధ్యం. నాలుగు కోట్లకు కాస్త తక్కువ జనం. అందులో ఏ ఒక్క జాతి వాటా సగానికి రాదు. అంటే ఇక్కడ అందరూ మైనారిటీలే. వియత్నాం దాటితే మరే నగరంలోనూ లేనంతమంది వియత్నాం వాళ్లు శాన్ హోసేలో ఉన్నారు. మా ఫ్రీమాంట్‌లో ఒక పేటకు లిటిల్ కాబూల్ అని పేరు. యూబా సిటీ చుట్టుపక్కల పంజాబీలు నూరేళ్లకు పైబడి వ్యవసాయం చేస్తున్నారు. రెండో గొప్ప ఖరీదు. మొదటి గొప్ప గురించి నాయకులు చెబుతారు, రెండోదాని గురించి నెల నెలా బ్యాంకు చెబుతుంది. విడి దేశమైతే అమెరికా, చైనా, జర్మనీల తర్వాత నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ మాదేనని 2025లో గవర్నరు గారు ప్రకటించారు. ఆ రోజు నుంచీ నా క్రెడిట్ కార్డు బిల్లు మీద నాకు గౌరవం పెరిగింది. దేశానికి పనికొచ్చే కాగితం కదా!

ముందు ఇల్లు. ఫ్రీమాంట్‌లో 1960లలో కట్టిన మూడు పడగ్గదుల ఇల్లు 15 లక్షల డాలర్లకు తక్కువలో దొరకడం కష్టం. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ, గృహప్రవేశం అయ్యాక, తీరిగ్గా గోడ మీద వేళ్లతో తట్టి చూసింది. డొల్ల చప్పుడు వచ్చింది.

"చెక్కేనా నాన్నా?"

"చెక్కేనమ్మా. భూకంపం వస్తే ఊగుతుంది, కూలదు."

"ఎంతయింది?"

చెప్పాను. అమ్మ కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ డాలర్లను రూపాయల్లోకి దింపింది. "పన్నెండు కోట్లు పోసి ఊగే ఇల్లు కొన్నావుట్రా!"

ఊగడం మాట ఉత్తది కాదు. హేవర్డ్ ఫాల్ట్ అనే భూమి చీలిక మా ఊళ్లోంచే పోతుంది. 1868లో అది గట్టిగా ఒళ్లు విరుచుకుంది. బర్క్‌లీ యూనివర్సిటీ వారు ఫుట్‌బాల్ స్టేడియాన్ని సరిగ్గా దాని మీదే కట్టుకున్నారు. మామూలు ఇంటి బీమాలో భూకంపం రాదు, విడిగా కొనుక్కోవాలి. కొన్నా, ఇంటి విలువలో నూటికి పదో పదిహేనో వంతు నష్టం ముందు మనమే మింగాలి. అందుకని ఎక్కువమంది ఆ బీమా జోలికి పోరు. మా ఇంట్లో ఆ శాఖను వెంకటేశ్వరస్వామికి అప్పగించాం. వడ్డీల సంగతి ఆయనకు తెలిసినట్టు ఏ కంపెనీకీ తెలియదు.

మా ఎదురింటి పెద్దాయనది అచ్చం మా ఇంటిలాంటి ఇల్లే. అదే బిల్డరు, అదే ఏడాది, అదే డొల్ల చప్పుడు. ఆయన 1970లలో కొన్నాడు. ఇంటి పన్ను నేను ఏడాదికి పదిహేడు వేల డాలర్ల పైచిలుకు కడతాను, ఆయన పదిహేను వందల చిల్లర కడతాడు. 1978లో ఇక్కడి ఓటర్లు ప్రపొజిషన్ 13 అని ఒకటి నెగ్గించుకున్నారు. దాని ప్రకారం కొన్న ధర మీదే పన్ను. లెక్కగట్టే విలువ ఏటా నూటికి రెండుకు మించి పెరగకూడదు. కాబట్టి ఇక్కడ ఇల్లు కొనాలంటే మంచి సమయం ఒక్కటే, మన పుట్టుకకు ముందు. పెద్దాయన మాత్రం చాలా మంచివాడు. రోజూ చెయ్యి ఊపుతాడు. ఊపినప్పుడల్లా నాకు అయిదు వేళ్లకు బదులు ఆ పదిహేను వందలే కనిపిస్తాయి.

మిగతా ఖర్చులు గబగబా చెప్పేస్తాను, తల్చుకుంటే నాకూ మంచిది కాదు. అమ్మకం పన్ను నూటికి 7.25 దగ్గర మొదలవుతుంది, ఊరిని బట్టి పైకి పోతుంది. పెట్రోలు మీద రాష్ట్రం వేసే సుంకమే గ్యాలనుకు 60 సెంట్ల చుట్టుపక్కల ఉంటుంది. పైగా ఈ రాష్ట్రం గాలికోసం ప్రత్యేకంగా వండిన పెట్రోలే పోయాలి. బే బ్రిడ్జి మీద శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లేటప్పుడే టోలు, 2025 లెక్కలో 8 డాలర్లు. తిరిగి రావడం ఉచితం. లోపల ఖర్చయిపోయినవాణ్ని మళ్లీ పిండకూడదన్న దయ కాబోలు. ఇక కరెంటు. సాయంత్రం 4 నుంచి 9 దాకా రేటు ఎక్కువ. మా ఆవిడ దీనికి రోజువారీ రాహుకాలం అని పేరు పెట్టింది. ఆ అయిదు గంటల్లో మా ఇంట్లో గ్రైండరు తిరగదు, వాషింగ్ మెషిన్ మూత లేవదు. ఎవరైనా హెయిర్ డ్రయ్యరు పట్టుకుంటే శాంతి చేయించాల్సిందే.

మరి ఇన్ని కష్టాలు పడి ఇక్కడెందుకు అంటే, ముందు వంటింట్లోకి రావాలి.

టెక్సాస్‌లో ఫ్రిస్కోలో మా బావమరిదికి అయిదు పడగ్గదుల ఇల్లు, సినిమా చూడ్డానికి ఒక గది, ఎందుకో తెలియని గది ఇంకొకటి ఉన్నాయి. వాడికి మునగాకు కావాలంటే ఇండియన్ షాపుకే వెళ్తాడు. మా ఆవిడ ఫిలిప్పీన్స్ వాళ్ల కొట్టుకు వెళ్తుంది. వాళ్లు మునగాకు లేకుండా కోడిపులుసు కాచరు. అక్కడ కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ, బాలింతలకు మునగాకు ఎంత మంచిదో మా ఆవిడకు పాఠం చెప్పింది. మా అత్తగారు చెప్పిన పాఠమే, యాస మాత్రం మనీలాది. బర్మా హోటల్లో గోంగూర వేపుడు తిన్నాను. రొయ్యలు వేసి, వెదురు మొలకలు కలిపి చేశారు. గోంగూర ఆంధ్రుల సొత్తు అని ఛాతీ విరుచుకున్నవాణ్ని, ఆ పళ్లెం ముందు మర్యాదగా రెండోసారి వడ్డించమన్నాను. మెక్సికో వాళ్లు ఎర్రగోంగూర కాయల మీది రేకులు ఎండబెట్టి, మరగబెట్టి, పంచదార వేసి, ఐసు ముక్కలతో తాగుతారు. మా అమ్మ ఒక గుక్క తాగి, "వీళ్లు ఆకు పారేసి కాయ తాగుతున్నార్రా" అని జాలిపడి, రెండో గ్లాసు అడిగింది. అఫ్గాన్ బేకరీలో మూరెడు పొడుగు నాన్ పొయ్యి మీంచి నేరుగా చేతికిస్తారు. ఇంటికి చేరేసరికి అది మూరెడు ఉండదు.

ఒక్క కరివేపాకు దగ్గరే రాష్ట్రానికీ మాకూ పొత్తు కుదరదు. నారింజ, నిమ్మ తోటలను చంపే ఒక తెగులు ఉంది. దాన్ని మోసే చిన్న పురుగు కరివేపాకు మొక్క మీద హాయిగా కాపరం పెడుతుంది. అందుకని క్వారంటైన్ ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్క బయటికి తీసుకెళ్లకూడదు. మా బావమరిది కిందటి వేసవిలో కారేసుకుని వస్తూ, అక్కగారికని పెరట్లో పెంచిన కరివేపాకు కుండీ వెనక సీట్లో పెట్టి బెల్టు కూడా కట్టాడు. రాష్ట్ర సరిహద్దు దగ్గర పళ్లూ మొక్కలూ తనిఖీ చేసే గేటు ఉంటుంది. అక్కడ పాస్‌పోర్టు అడగరు, పచ్చని ఆకు అడుగుతారు. "బావా, పిల్లలిద్దరినీ వదిలేశారు, మొక్కను పట్టుకున్నారు" అని అక్కణ్నుంచే ఫోన్ చేశాడు.

పండగల సంగతి కూడా ఇంతే, సగం ఇచ్చి సగం ఆపుతారు. 2025లో దీపావళిని రాష్ట్ర సెలవుల జాబితాలో చేర్చారు. మేమంతా వాట్సాప్‌లో దీపాలు వెలిగించుకున్నాం. టపాకాయల మాటకొస్తే, వాటిని అమ్మడానికి చట్టం ఒప్పుకునేది జూన్ 28 నుంచి జులై 6 వరకే. అదీ అనుమతి ఉన్న ఊళ్లలో, అదీ ఎగరని, పేలని రకాలు. అంటే దీపావళి మాది, టపాకాయలు వాళ్ల జులై పండగవి. లివర్‌మోర్ గుళ్లో శివుడూ విష్ణువూ ఒకే ప్రాంగణంలో కొలువున్నారు. శైవులకూ వైష్ణవులకూ ఎంత సామరస్యమో అని మా అమ్మ మురిసిపోతుంటే, మా ఆవిడ మెల్లిగా అంది: "ఈ రేట్లలో విడి కాపరం ఆ దేవుళ్లకు మాత్రం కుదురుతుందా అత్తయ్యా!"

ఆవిడ నవ్వులాటకే అన్నా, అసలు చిక్కు అక్కడే ఉంది. మా వీధిలో ఆదివారం పొద్దున నడిస్తే మాండరిన్, పంజాబీ, స్పానిష్, దరీ, తమిళం, తెలుగు వినబడతాయి. సోమవారం పొద్దున మాత్రం వీధి మొత్తం ఒకటే భాష మాట్లాడుతుంది. సర్వర్ డౌన్, రిలీజ్ లేటు, మేనేజరు మూర్ఖుడు. దేశాలు వేరు, దేవుళ్లు వేరు, ఉద్యోగం ఒకటే. గుంటూరు వాడికీ కరీంనగర్ వాడికీ మాటలో తేడా ఉందేమో గానీ, జీతం పడే తారీఖులో లేదు. రంగురంగుల మనుషులం, ఒకే రంగు బ్యాడ్జీలం.

మరి మా సింకు బాగుచేసే ప్లంబరు ఎక్కడుంటాడు? మాంటెకాలో. పొద్దున నాలుక్కి లేచి ఆల్టమాంట్ కనుమ దాటి వస్తాడు. మా అబ్బాయి టీచరు ట్రేసీలో ఉంటుంది. హోటల్లో మాకు నాన్ కాల్చి పెట్టే కుర్రాడు స్టాక్‌టన్ నుంచి వస్తాడు. వైవిధ్యం ఎక్కడికీ పోలేదు, పొద్దున్నే వచ్చి, పనిచేసి, సాయంత్రానికి కొండ దాటి వెళ్లిపోతోంది. ఒకప్పుడు ఇలా బయట పెట్టే పని చట్టమే చేసేది. 1913లో ఈ రాష్ట్రం ఒక చట్టం చేసింది. అప్పట్లో పౌరసత్వానికి అర్హత లేని ఆసియా వాళ్లు ఇక్కడ పొలం కొనకూడదని దాని సారం. 1952లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. పంజాబులో పుట్టి, ఇంపీరియల్ వ్యాలీలో వ్యవసాయం చేసిన దలీప్ సింగ్ సౌంద్ 1956లో అమెరికా కాంగ్రెస్‌కే ఎన్నికయ్యాడు. అంత పోరాడి చట్టం అడ్డు తీశాక, దాని కుర్చీలో ధర వచ్చి కూర్చుంది. ధరను కొట్టేసే కోర్టు లేదు.

ఈ మధ్య మా ఇంటికి నాలుగు వీధుల అవతల టీచర్లకూ, చిన్న జీతాల వాళ్లకూ అందే అద్దెలతో ఆరంతస్తుల అపార్ట్‌మెంట్ కడతామన్నారు. దాని మీద సభ పెట్టారు. ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. ఇంత వైవిధ్యం ఒకే గదిలో నేను ఎప్పుడూ చూడలేదు. తైవాన్ ఆయన, ఢిల్లీ ఆయన, కాబూల్ ఆవిడ, పదిహేను వందల పన్ను పెద్దాయన, మన కృష్ణా జిల్లా డాక్టరు గారు. అందరూ వరసగా లేచి, ఎవరి యాసలో వాళ్లు, మాకు అపార్ట్‌మెంట్లంటే వ్యతిరేకత లేదని మొదలుపెట్టి, పార్కింగు ఏమవుతుంది, నీడ పడుతుంది, అసలు ఇక్కడ కాదు వేరేచోట కట్టమన్నారు. ఐక్యరాజ్యసమితిలో ఇంత ఐకమత్యం ఏనాడైనా కుదిరిందో లేదో.

నా పేరు పిలిచారు. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఏమండీ, మన ఇంటి రేటు..." అంది.

లేచాను. వైవిధ్యం గురించి చెబితే ఎవరూ వినరని ముందే తెలుసు, అక్కడున్న ప్రతివాడూ వైవిధ్యమే. అందుకని వాళ్లకు అర్థమయ్యే భాషలోనే చెప్పాను. "అయ్యా, కిందటి నెల మా సింకు పైపు పగిలింది. ప్లంబరు మాంటెకా నుంచి బయల్దేరాడు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. ఆయన వచ్చేలోపు వంటింట్లో మడమల దాకా నీళ్లు. ఆయన రానూ పోనూ నాలుగు గంటలకు కూడా బిల్లేశాడు. ఆయన్ని నాలుగు వీధుల అవతల ఉండనిస్తే నాకు అయిదు వందల డాలర్లు మిగులుతాయి. నాకు సమానత్వం మీద ప్రత్యేకమైన అభిప్రాయాలేమీ లేవు, పైపుల మీద ఉన్నాయి. కట్టండి."

గదిలో మొదట చప్పట్లు కొట్టింది కృష్ణా జిల్లా డాక్టరు గారు. ఆయన ఇంట్లో వాటర్ హీటరు కారుతోందట.