కట్టె, కొట్టె, తెచ్చె: ఒక ఆనిమే నిర్మాణ సంఘానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ది ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్’ నిర్మాణ సంఘం పెద్దల దివ్యసముఖానికి,

విషయం: రెండో సీజన్ పేరుతో 2021 జనవరి నుంచి మార్చి దాకా తమరు ప్రసాదించిన 11 ఎపిసోడ్ల గురించి విన్నపం.

అయ్యలారా, అమ్మలారా,

నమస్కరించి రాయునది. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడేమిటీ ఉత్తరం అని విసుక్కోకండి. కోపం చల్లారాక రాస్తే లెక్కలు సరిగ్గా వస్తాయని ఆగాను. కథ గుట్టంతా ఇందులో విప్పబోతున్నాను కాబట్టి, మొదటి సీజన్ చూడని పాఠకులు ఇక్కడే ఆగి, అది చూసి రండి. రెండోది చూడనివాళ్లు నిశ్చింతగా చదవండి. మీకు పోయేదేమీ లేదు.

ముందుగా తమరికి రావలసిన మెప్పు ఇచ్చేస్తాను. 2019లో ఫుజీ టీవీలో వచ్చిన మొదటి సీజన్ 12 ఎపిసోడ్లూ నిజంగా గొప్పవి. గ్రేస్ ఫీల్డ్ అనాథాశ్రమం, తెల్లబట్టల పిల్లలు, మెడ మీద నంబర్లు, ప్రేమగా చూసుకునే ఇసబెల్లా అమ్మ. రోజూ పరీక్షలు, మార్కులు, ఎవరు ఫస్టు అన్న లెక్కలు. తెలుగు ప్రేక్షకులకు ఈ ఏర్పాటు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. మరిచిపోయిన కుందేలు బొమ్మను చిన్నారి కానీకి అందించడానికి అక్కడి పెద్దపిల్లలు ఎమ్మా, నార్మన్ గేటు దాకా పరుగెత్తి, లారీలో ఆ పిల్ల శవాన్ని చూసినప్పుడు తెలుస్తుంది: అది ఆశ్రమం కాదు, రాక్షసుల కోసం పిల్లల్ని పెంచే దొడ్డి.

ఈ కథకు మూలమైన మాంగాలో, అంటే జపనీస్ బొమ్మల కథలో, పిల్లల ఆలోచనలు పేజీల నిండా మాటలై పరుచుకుని ఉంటాయి. మీ దర్శకుడు మమోరు కాన్బే వాటిని చాలావరకు తీసేసి, ఆ పనిని చూపులకూ, నడవాలకూ, తలుపు వెనక అడుగుల చప్పుడుకూ అప్పగించాడు. ఇసబెల్లా నవ్వితేనే భయం వేసేది. అన్నిటికీ మించి, ఆ సీజన్‌లో ఏదీ ఊరికే రాలేదు. ఆశ్రమం గోడ అవతల ఏముందో చూసివచ్చిన నార్మన్ ఆ కబురు చెప్పాడు, తర్వాత తనే వెళ్లిపోవలసి వచ్చింది. ఎమ్మా కాలు విరిగింది. ట్రాకర్ ఉన్న చెవిని తనే కోసుకుంది. ఆఖరికి పారిపోయేటప్పుడు ఫిల్‌తో సహా చిన్నపిల్లలందర్నీ వెనక వదిలిపెట్టవలసి వచ్చింది. బతకాలంటే ఏదో ఒకటి చెల్లించాలి, అదే ఆ లోకపు చట్టం. మేము ఆ చట్టాన్ని నమ్మాం కాబట్టే ఊపిరి బిగబట్టి చూశాం.

ఇక అసలు విషయానికి వస్తాను.

కొనసాగింపు చెడిపోయినప్పుడు చేతులు మారాయని చెప్పుకోవడం మీ రంగంలో ఆనవాయితీ. ‘వన్ పంచ్ మ్యాన్’ విషయంలో అభిమానులు అలాగే సరిపెట్టుకున్నారు. 2015లో మొదటి సీజన్ తీసిన మ్యాడ్‌హౌస్ పక్కకు తప్పుకుంటే, 2019లో రెండోది జె.సి. స్టాఫ్ తీసింది, దర్శకుడూ మారాడు. మీకు ఆ సాకు కూడా లేదు. స్టూడియో అదే క్లోవర్‌వర్క్స్. దర్శకుడు అదే కాన్బే. పైగా మాంగా రచయిత కైయు షిరాయి స్వయంగా కథా నిర్వహణలో కూర్చున్నాడు. కరోనా వల్ల 2020 అక్టోబరులో రావలసింది మూడు నెలలు వెనక్కి జరిగిన మాట నిజం. ఆ కష్టం అర్థం చేసుకుంటాం. కానీ 11 ఎపిసోడ్లలో కథంతా ముగించెయ్యాలన్న హడావిడి వైరస్ తెచ్చిపెట్టింది కాదు గదా.

తమరి లెక్క ఇదీ. షిరాయి రాసి, పోసుకా దెమిజు బొమ్మలు గీసిన మాంగా మొత్తం 181 అధ్యాయాలు. మొదటి సీజన్ 12 ఎపిసోడ్లలో 37 అధ్యాయాలు చెప్పింది, అంటే ఎపిసోడుకు మూడు. మిగిలిన 144 అధ్యాయాలను తమరు 11 ఎపిసోడ్లలో సర్దారు, అంటే ఎపిసోడుకు పదమూడు. ఇంత ఇరుకులోనూ, మధ్యలో ఒక వారం ఇప్పటిదాకా జరిగిన కథను గుర్తుచేసే ప్రత్యేక ఎపిసోడ్ ఒకటి వేశారు. పరుగులో మేమెక్కడ తప్పిపోతామోనని తమరు పడిన బెంగకు కృతజ్ఞులం.

సర్దడానికి తమరు వదిలేసినవేమిటో కూడా మనవి చేస్తాను. పిల్లలు చేరుకునే నేలమాళిగలో, మాంగాలో, యూగో అనే మనిషి ఉంటాడు. నేస్తాలందర్నీ పోగొట్టుకుని 13 ఏళ్లు ఒంటరిగా బతికిన మొండివాడు. మొదట పిల్లల్ని తరిమెయ్యాలని చూసి, చివరికి వాళ్లకు తండ్రంతటివాడవుతాడు. తమరి సీజన్‌లో ఆ నేలమాళిగ ఖాళీ. రాక్షసులు సరదాకు పిల్లల్ని వేటాడే గోల్డీ పాండ్ అనే చోటు ఉంటుంది. మాంగాలో భయం మళ్లీ గొంతు పట్టుకునేది అక్కడే. అదీ లేదు.

పాత్రలు పోతే పోయాయి, వాటితోపాటు చెల్లింపులూ పోయాయి. చచ్చిపోయాడనుకున్న నార్మన్ తిరిగివస్తాడు. రాక్షసజాతిని తుడిచిపెట్టాలని పగ పెంచుకున్నవాడు, నేస్తాలు నాలుగు మంచిమాటలు చెప్పగానే మెత్తబడిపోతాడు. ఇసబెల్లా ఎన్నో ఏళ్లు పిల్లల్ని పెంచి పంపిన మనిషి. మాంగాలో ఆమె ఎమ్మాకు అడ్డుపడి ప్రాణం ఇస్తుంది. తమరి సీజన్‌లో తుపాకీ అటునుంచి ఇటు తిప్పి, పిల్లలతోపాటు నవ్వుతూ మనుషుల లోకానికి నడిచిపోతుంది. మాంగా చివర ఎమ్మా అందరి స్వేచ్ఛకు తన జ్ఞాపకాలన్నిటినీ ధారపోస్తుంది. తన కుటుంబం ఎదురుగా నిలబడినా గుర్తుపట్టలేని స్థితి అది. తమరి ఎమ్మా ఏ లోటూ లేకుండా తిరిగివచ్చి అందర్నీ కావలించుకుంటుంది.

ఇక ఆ ఆఖరి ఎపిసోడ్. రాక్షసుల రాజ్యం మారిపోవడం, మనుషులకూ రాక్షసులకూ మధ్య ఉన్న పాత ఒప్పందం పోయి కొత్తది రావడం, ఎమ్మా ప్రయాణాలు, యుద్ధాలు, సంధులు, అన్నీ తమరు కదలని బొమ్మలుగా, ఒకదాని వెనక ఒకటి, పాట వినిపిస్తూ చూపించేశారు. రామాయణాన్ని కట్టె, కొట్టె, తెచ్చె అని మూడు ముక్కల్లో చెప్పిన మహానుభావుడు మా దేశంలోనే ఉన్నాడని గర్వపడేవాళ్లం. తమరు ఆ గర్వం అణిచారు. పెళ్లికి వెళ్లకుండా ఆల్బమ్ తిరగేసినట్టయింది మా పని.

ఇంకొక సంగతి. సిరీస్ కథా నిర్వహణ కింద కనిపించిన పేర్లు 10వ ఎపిసోడ్ నుంచి కనిపించలేదు. ఎందుకన్నది తమరికే తెలియాలి. మేము ఊహలకు పోము. పేర్లు లేని ఆ రెండు ఎపిసోడ్లలోనే కథ ముగిసిందని మాత్రం గమనించాం.

మాంగాను మార్చకూడదని మేము మొండికేస్తున్నామని తమరు అనుకోవచ్చు. అది నిజం కాదు. ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ 2003లో వచ్చినప్పుడు మాంగా ఇంకా పూర్తికాలేదు. ఆనిమే తన దారి తాను చూసుకుని 51 ఎపిసోడ్లలో వేరే ముగింపు చెప్పింది. దాన్ని ఇవాళ్టికీ అభిమానించేవాళ్లున్నారు. అక్కడ కథ మారినా, ఏదైనా పొందాలంటే ఏదో ఒకటి ఇవ్వాలన్న దాని చట్టం మారలేదు. తమరు మార్చింది సంఘటనలనే అయితే ఈ లేఖ ఉండేది కాదు. తమరు ఆ లోకపు చట్టాన్నే రద్దు చేశారు.

చివరికి ఒక మాట అనక తప్పదు, మన్నించండి. మీ కథలోని రాక్షసులు మంచి మార్కులు తెచ్చుకునే పిల్లల బుద్ధి పూర్తిగా ఎదిగేదాకా, అంటే 12 ఏళ్లు వచ్చేదాకా, నోరు కట్టుకుని ఆగుతారు. తొందరపడితే సరుకు చెడుతుందని వాళ్లకు తెలుసు. ఆ రాక్షసులకున్న ఓపిక మీ సంఘానికి లేకపోయింది.

కాబట్టి మా కోరిక ఒక్కటే. 38వ అధ్యాయం నుంచి మళ్లీ తీయండి. ఇది కొత్త సంగతేమీ కాదు. ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ను 2009లో ‘బ్రదర్‌హుడ్’ పేరుతో 64 ఎపిసోడ్లుగా మాంగా ప్రకారం మళ్లీ చెప్పారు. 2001లో 26 ఎపిసోడ్లతో ఆగిపోయిన ‘ఫ్రూట్స్ బాస్కెట్’ను 2019లో మొదటినుంచి ఎత్తుకుని 2021కి ముగింపు దాకా తీశారు. మీ రెండో సీజన్ ముగిసిన ఆ వసంతంలోనే దాని చివరి సీజన్ మొదలైంది. యూగోను తిరిగి తీసుకురండి. గోల్డీ పాండ్ చూపించండి. ఎమ్మా చెల్లించవలసింది చెల్లించనివ్వండి.

అంతవరకు, అడిగిన ప్రతివారికీ మేము చెప్పే దారి ఇదే: మొదటి సీజన్ 12 ఎపిసోడ్లూ చూడండి, టీవీ కట్టేసి, మాంగా 38వ అధ్యాయం తెరవండి.

ఇట్లు,
తమరి 11 ఎపిసోడ్లూ వదలకుండా చూసిన
ఒక తెలుగు ప్రేక్షకుడు