దూరపు గోడలు

మియాపూరులోని మా యింటి స్నానపుగది పైకప్పున పుట్టిన చెమ్మ మరక, తొలుత అరచేయంత యుండి, పిదప దినదినప్రవర్ధమానమై గోడమీదికి దిగి, కొన్ని వారములుగా న్యూజెర్సీలో నాకు నిద్రాభంగము కలిగించుచున్నది. అద్దెదారు దాని ఛాయాచిత్రములను నిష్ఠతో పంపుచుండును. హైదరాబాదులో ఉదయము పదిగంటలైనప్పుడు ఈ వేసవి దినములలో నాకు అర్ధరాత్రి దాటి అరగంట; సరిగా ఆ వేళకే, "సార్, చూడండి, నిన్నటికంటే ఇంకొంచెం పెరిగింది" అను వార్తతో దిండు ప్రక్కనున్న ఫోను వెలుగును. మా పిల్లల బాల్యమునకైనను ఇన్ని ఛాయాచిత్రములు తీసి యెరుగను.

మరకకు మూలము పై అంతస్తువారి స్నానపుగదియని ప్లంబరు తేల్చెను. పై అంతస్తు యజమాని సిడ్నీలో నుండును. మా యిరువురి ఆస్తులకు సరిహద్దు ఐదంగుళముల శ్లాబు. దాని పైతట్టు ఆయనది, క్రిందితట్టు నాది, నడుమ నున్న కాంక్రీటు ఎవరిదో అసోసియేషనువారు కూడ నిర్ణయింపలేదు. ఆయన అద్దెదారును నా అద్దెదారును ప్రతిదినము లిఫ్టులో నమస్కారములు పెట్టుకొందురుగాని, శ్లాబు ఊసు మాత్రమెత్తరు. అది యజమానుల వ్యవహారమట. అందుచేత ఒక మెట్లవరుస దూరములో తేలవలసిన తగవు మియాపూరునుండి న్యూజెర్సీకి, న్యూజెర్సీనుండి సిడ్నీకి, అచటినుండి మరల మియాపూరుకు ప్రయాణము చేయుచున్నది. నేను కోపముతో వ్రాయు వేళకు ఆయన భోజనము ముగించి శాంతముగా నుండును. ఆయన బదులు వ్రాయు వేళకు నేను నిద్రమత్తులో నుందును. "టైల్స్ తీసి మొత్తం వాటర్‌ప్రూఫింగ్ చేపియ్యాలె సార్, గంతే" అని వాచ్‌మన్ ఒక్కముక్కలో తేల్చినాడుగాని, మూడు ఖండములకు సంబంధించిన సమస్యను అంత తేలికగా తేల్చుట మర్యాద కాదని కాబోలు, ఆతని మాట ఎవరును పట్టించుకొనలేదు. తుదకు సిడ్నీవారు ఖర్చులో సగము భరింతుమని వ్రాసిరి. పై సగమో క్రింది సగమో వ్రాయలేదు.

ఈ యిల్లు ఎందుకు కొంటిరని చదువరులు నన్నడుగరు. "మనకంటూ అక్కడ ఒకటుండాలి కదా" అను వాక్యము వినబడని ప్రవాసాంధ్ర గృహము లేదు. 2017 నవంబరులో మియాపూరునుండి మెట్రో రైలు కదలినప్పుడు, ఆ రైలు నా యింటి వెలను కూడ లాగికొనిపోవునని మా బావమరిది లెక్కలు గట్టి చూపెను. వెల పెరిగినమాట నిజమే. అద్దె మాత్రము, ఏడాదిది కూడిన, కొన్న వెలలో నూటికి మూడు రూపాయలు. అందులోనుండి మెయింటెనెన్సు, ఆస్తిపన్ను, పైన చెప్పిన ప్లంబరు. స్వదేశవాసియగు యజమానికి అద్దె నెలకు యాబదివేలు దాటువరకు అద్దెదారు పన్ను పట్టుకొనవలసిన పని లేదుగాని, విదేశవాసికైనచో మొదటి రూపాయినుండియే నూటికి ముప్పదికి పైగా పట్టుకొని, దానికై వేరొక నంబరు తెచ్చుకొని, ప్రభుత్వమునకు కట్టవలెను. ఈ సంగతి చెప్పినప్పుడు, ఇల్లు చూడవచ్చిన యొక పెద్దమనిషి చాలసేపు మౌనము వహించి, "సార్, మీకు ఇండియాకి తిరిగొచ్చే ఆలోచన ఏమన్నా ఉందా?" అని అడిగెను. పదేండ్లుగా మా అత్తగారడుగుచున్న ప్రశ్నయే యది. ఇంత ఆర్తితో ఆమెయు నెన్నడు నడుగలేదు.

ఇంతలో ఒప్పందపు గడువు తీరవచ్చినది. అద్దె ఒప్పందము పదకొండు నెలలే యుండుటకు కారణము 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము. ఏడాదికి మించిన కౌలును, ఏటేటి కౌలును రిజిస్ట్రేషను చేయింపక తప్పదని అది శాసించుచున్నది. మించరాదన్నచో పండ్రెండు నెలలు సరిగా సరిపోవును కదాయని మా వకీలు నడిగితిని. "ఎందుకొచ్చిన గొడవండీ, ఓ నెల వదిలేద్దాం" అనెను. ఇట్లు గొడవయెందుకని దేశమంతయు ఏటికొక నెలను గాలికి వదలివేసినది. అంతటితో పోయిన బాగుండును. ఆ చట్టమును వ్రాసినవారు పంచాంగము చూడలేదు. మనవారు ఆషాఢమున కొత్తయింట కాలు పెట్టరు, భాద్రపదమున పెట్టరు, పుష్యమున పెట్టరు, ఇవి శూన్యమాసములు. శూన్యమాసము దాటగనే, ఆగియున్న జనమంతయు శ్రావణమున, ఆశ్వయుజమున, మాఘమున తండోపతండములుగా వచ్చి పాలు పొంగించి ఇండ్లలో దిగుదురు. ఇక పదకొండు నెలలు లెక్కపెట్టి చూడుడు. శ్రావణమున దిగినవాని గడువు ఆషాఢమున తీరును. ఆశ్వయుజమున దిగినవానిది భాద్రపదమున. మాఘమున దిగినవానిది పుష్యమున. ఎంత శ్రద్ధతో ముహూర్తము పెట్టుకొని దిగిన, అంత కచ్చితముగా గడువు శూన్యమాసమున పడును! ఖాళీ చేయుమనిన, "ఈ నెల్లో ఎక్కడికి పోతాం సార్?" అని వా రడుగుట న్యాయమే, వారిని పొమ్మని వేరొకరిని తెచ్చుకొందమన్న, ఆ వేరొకరును అదే పంచాంగము చూచుకొని కూర్చుందురు. పోనీ యని కొన్ని దినము లోర్చుకొందమన్న, మధ్య అధికమాసము దిగబడును. 2023లో శ్రావణమే రెండై, మొదటిది అధికమైపోయెను. అదియు తప్పిన మూఢము. మూఢము వెళ్లిన మంగళవారము. మంగళవారము గడచిన శుక్రవారము, ఆనాడు లక్ష్మిని గడప దాటింపరాదట. ఈ గండములన్నియు గడచి ఒకనాడు ఇల్లు ఖాళీయైన, తాళము మా బావమరిది చేతికి వచ్చును, మెయింటెనెన్సు బిల్లు నాకు వచ్చును. పంచాంగకర్తలును శాసనకర్తలును ఒకచోట కూర్చుండి ఈ నెల సంగతి తేల్చుకొనవలెనని నా మనవి. కావలసిన ఆ సమావేశమునకు మా యింటినే యిత్తును, మరక చూచుకొని కూర్చుండవలెను.

గుంటూరు బ్రాడీపేటలో నా చిన్నతనమున మేము అద్దెకుండిన యింటి యజమాని క్రింది వాటాలోనే యుండెడివాడు. గోడకు మేకు కొట్టిన చప్పుడు వినబడినదా, రెండవ దెబ్బ పడకముందే మెట్లెక్కి వచ్చెడివాడు. రాత్రి పది దాటినపిమ్మట దీపము వెలిగిన దగ్గెడివాడు. మేము పిల్లలము ఆయనను గూర్చి అనరాని మాటలనుకొనెడివారము. అయినను నా పరీక్ష మార్కులు మా మేనమామలకంటె ముందుగా ఆయనకు తెలిసెడివి. మా నాన్నగారు టైఫాయిడుతో మంచము పట్టినపుడు ఆయన అద్దె మాట యెత్తలేదు. వారి యావకాయ జాడీ తెరచిన దినమున మాకొక గిన్నె తప్పక వచ్చెడిది. నాకు తెలిసిన యజమాని యనిన ఆయన. నన్ను తిట్టుకొనుటకైనను మా అద్దెదారుకు నా ముఖము తెలియదు. ఒక బ్యాంకు ఖాతా సంఖ్య మాత్రము తెలియును. ఆతడు నాకు ఒక మరకగా తెలియును. మొన్నటి ఛాయాచిత్రపు అంచున పసిపిల్ల చెప్పులు కనబడినవి. ఆ యింట ఒక చిన్నపిల్ల తిరుగుచున్నదని నాకట్లు తెలిసినది. పేరు అడుగుదమనుకొంటిని. అర్ధరాత్రి వేళ, చెమ్మ సంగతి నడుమ, ఎట్లడుగవలెనో తోచలేదు.

నిన్న మా బావమరిది ఫోను చేసెను. "బావా, వాళ్ళు ఖాళీ చెయ్యరట. ఎలాగూ ఆషాఢం కదా. ఇంకో పదకొండు నెలలు రాయించేస్తా. అద్దె పెంచొద్దన్నారు, సరే అన్నాను. బాల్కనీకి, కిటికీలకి దోమల మెష్ కావాలంటున్నారు, చిన్నపిల్ల ఉంది కదా." నేను కాదనలేదు, ఎంత యగునని మాత్రమడిగితిని. "ఓ నెల అద్దె అవుద్ది బావా" అనెను. ఆ నెల పదకొండింటిలోనిదా, వకీలు వదలివేయించిన పండ్రెండవదా యని అడుగబోయి, ఆతనికి ఆఫీసునకు వేళయగుచున్నదని ఫోను పెట్టివేసితిని.