గూడు కొంచెం, కూత ఘనం

విజయవాడ సత్యనారాయణపురంలో పదడుగుల గదిని పాటల గదిగా మార్చుకున్న రసికుడు, పాత స్పీకర్ల స్థానంలో నేలమీద నిలబెట్టే ఛాతీ ఎత్తు జంటను దింపుకునే ముందు బీసెంటు రోడ్డు నుంచి చెన్నై దాకా గాలిస్తాడు గాని, గోడల నడుమ టేపు మాత్రం పట్టడు. పదడుగుల ఎడంలోని ఎదురెదురు గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ ధ్వని, అనగా సెకనుకు 56 సార్లు కంపించే మంద్రనాదం, అటూ ఇటూ కొట్టుకుని అక్కడే తిష్ఠ వేస్తుంది. భౌతికశాస్త్రం దీన్ని స్థిర తరంగం అంటుంది, పక్క పోర్షన్ వారు మరో పేరుతో పిలుస్తారు. స్పీకరు పెట్టెలను మూలకు నెడితే ఈ రొద ఇంకా హెచ్చుతుంది గనుక, మృదంగం మోగగానే వంటింట్లో స్టీలు గిన్నెలు తాళం వేస్తాయి. అప్పుడు రసికుడు, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, యాంప్లిఫయరును మారుస్తాడు. పెట్టెలను గోడకు ఎడంగా జరపాలంటే మంచం అడ్డం. ఇంతా చేసి వినేది చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పాతపాటలే. అవి చాలావరకు మోనోలో, అనగా ఒకే ధ్వనిమార్గంలో రికార్డయినవి కాబట్టి, రెండో పెట్టె మొదటిదానికి వంత పాడుతుంది. ఆ గొంతునే ఒకప్పుడు అరచేతి వెడల్పు స్పీకరున్న ట్రాన్సిస్టరులో వీధంతా విన్నది.