సోలార్ పెట్టించేవారు వినకూడని సలహాలు

“ఇన్వర్టర్‌లో చిన్న సెట్టింగ్ మార్పిస్తే కరెంటు పోయినా మీ ఇంట్లో సోలార్ నడుస్తుంది.” మేడమీద ప్యానెళ్లు బిగించుకునేవాళ్లకు ఎవరో ఒకరు ఈ మాట చెబుతూనే ఉంటారు. వినకండి. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్, లైన్లో వచ్చే 230 వోల్టులనూ 50 హెర్ట్జ్‌నూ పట్టుకుని వాటితో పాటే నడుస్తుంది. లైన్ చచ్చిపోగానే అదీ ఆగిపోతుంది. ఆగకపోతే ఘోరమే. అవతల లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపించి పని చేసే అనుమతి) తీసుకుని స్తంభం ఎక్కి ఉంటాడు. మీ మేడమీది కరెంటు వెనక్కి పారితే, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌లో అదే 11,000 వోల్టులకు పెరుగుతుంది. సరఫరా లేదన్న ధైర్యంతో అతను చెయ్యి వేసేది ఆ తీగ మీదే. కోతల్లోనూ ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకోండి. అది ముందు వీధి లైనుతో తెగతెంపులు చేసుకుని, ఆ తర్వాతే ఇంటికి కరెంటు ఇస్తుంది. ఖర్చు ఎక్కువే, కానీ మనిషి ప్రాణం దగ్గర బేరమాడకూడదు.

“నెట్ మీటర్ నిదానంగా వస్తుంది, ఈలోగా ఆన్ చేసేయండి” అనే సలహా జేబుకు చేటు. మామూలు ఎలక్ట్రానిక్ మీటర్లలో కొన్ని, కరెంటు ఎటు పారినా వాడకం కిందే లెక్కేస్తాయి. మీరు లైన్‌కు ఇచ్చిన యూనిట్లకు మీరే బిల్లు కట్టాల్సి వస్తుంది. డిస్కం వాళ్లు వచ్చి మీటరు మార్చేదాకా ఆగండి.

“మేడ నిండా వేయించండి, మిగిలింది అమ్ముకోవచ్చు” అంటారు. మిగులు యూనిట్‌కు వచ్చే ధర, మనం కొనే యూనిట్ ధరకంటే సాధారణంగా తక్కువ. మన ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి 3 కిలోవాట్లు చాలు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు వచ్చే సబ్సిడీ 78,000 రూపాయలు. ఇంకా పెద్దది పెట్టినా ఆ సొమ్ము పెరగదు.

“ఇంటికి ఎర్తింగ్ ఉందిగా, దానికే కలిపేద్దాం” అని పనివాళ్లు అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ప్యానెళ్ల వైపు ఒకటి, ఇన్వర్టర్ వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి, వేర్వేరు ఎర్తింగులు ఉండాలి. ఆ మూడు గుంతలు తవ్వేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.