డావిన్సీ కోడ్‌ని తలకిందులుగా చదవండి

డాన్ బ్రౌన్ రాసిన 'ది డావిన్సీ కోడ్' 2003 మార్చిలో వచ్చింది. ఎనిమిది కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. ఇప్పటికీ నలుగురు పాఠకులు కూర్చున్నచోట దాని పేరెత్తితే చాలు, ఒకరు తెల్లవార్లూ మేలుకుని చదివామంటారు, ఇంకొకరు ముప్పయ్యో పేజీ దగ్గర విసిరికొట్టామంటారు. కొత్తగా చదవబోయేవాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: ఎవరి మాటా వినకు, నువ్వే చదివి నువ్వే తేల్చుకో. నేను దానికి సరిగ్గా ఎదురు చెబుతున్నాను. అందరి మాటా వినండి, చదవకముందే వినండి. ఈ పుస్తకం గురించి ఒంటరిగా ఏర్పరచుకున్న అభిప్రాయం సగం అభిప్రాయమే.

తిట్టినవాళ్లతో మొదలుపెట్టండి. మెచ్చుకున్నవాళ్లు 'ఆపలేకపోయాం' అనడం తప్ప ఇంకేమీ చెప్పరు. తిట్టేవాళ్లు మాత్రం ఎక్కడ, ఎందుకు అన్నది వేలు పెట్టి చూపిస్తారు. సల్మాన్ రష్దీ దీన్ని చెత్త నవలల పరువు కూడా తీసే నవల అన్నారు. అది కోపం, అందులో నేర్చుకోవడానికేమీ లేదు. భాషాశాస్త్రవేత్త జెఫ్రీ పుల్లం అలా కాదు, మొదటి పేజీనే పట్టుకుని వాక్యం వాక్యం విప్పి చూపించారు. లూవ్ర్ మ్యూజియం క్యూరేటర్ జాక్ సోనియేర్ మోకాళ్ల మీద ఉన్నాడు. ఒళ్లు జలదరించేంత దగ్గర్నుంచి ఒక గొంతు వినబడింది. తీరా చూస్తే ఆ మనిషి పదిహేను అడుగుల దూరంలో, ఇనుప కటకటాల అవతల ఉన్నాడు. క్యూరేటర్ కదలకుండా బిగుసుకుపోయాడు, ఆ బిగుసుకుపోవడంలోనే తల తిప్పి చూశాడు. హంతకుడు చీకట్లో ఒక ఆకారంగా మాత్రమే కనబడ్డాడు, కానీ ఆ ఆకారానికి పాలిపోయిన చర్మం, పలచబడ్డ తెల్లజుట్టు, గులాబీరంగు కళ్లు కూడా కనబడ్డాయి. ఇదంతా వరసగా కొద్ది వాక్యాల్లోనే.

ఇంత తెలిశాక చదివితే మజా పోదా అంటారు. పోదు. అసలు పరీక్ష అక్కడే ఉంది. వాక్యాలు ఇలా ఉన్నాయని తెలిసి కూడా మీ చెయ్యి పేజీ తిప్పుతూనే ఉంటే, ఆ రచయిత దగ్గర వాక్యం కాని విద్య ఇంకేదో ఉన్నట్టు. నూట అయిదు అధ్యాయాలు, చాలావాటికి నాలుగైదు పేజీలే. ఒక దారం లూవ్ర్‌లో, ఇంకోటి హంతకుడి వెంట, మూడోది పోలీసుల దగ్గర. ఏ దారాన్నీ ముడి పడనివ్వకుండా సరిగ్గా మన వారపత్రిక సీరియల్‌లో 'సశేషం' పడే చోట తెంపి రెండో దాంట్లోకి దూకుతాడు. సీరియళ్ల మీద పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ కిటుకు కొత్త కాదు. అందుకే మనవాళ్లు దీన్ని చదివేటప్పుడు సిగ్గుపడనక్కర్లేదని నా గట్టి నమ్మకం.

రెండో సలహాకి ఇంకా ఎక్కువ తిట్లు పడతాయి. దోషి ఎవరో ముందే తెలుసుకోండి. నేనే చెప్పేస్తాను, లీ టీబింగ్. ఆ పేరు పుట్టిన తీరే నవలలోని చిక్కుముళ్లన్నిటికంటే బాగుంటుంది. మైకేల్ బేజెంట్, రిచర్డ్ లీ, హెన్రీ లింకన్ అనే ముగ్గురు 1982లో 'ది హోలీ బ్లడ్ అండ్ ది హోలీ గ్రెయిల్' అనే పుస్తకం రాశారు. ఏసుకి మగ్దలీన్ మరియతో పెళ్లయిందని, వాళ్ల వంశం ఫ్రాన్స్‌లో మిగిలిందని వాళ్ల వాదన. బ్రౌన్ వాళ్లలో ఒకరి ఇంటిపేరు 'లీ'ని అలాగే ఉంచి, రెండోవారి ఇంటిపేరులోని ఇంగ్లిష్ అక్షరాలని అటూ ఇటూ మార్చి 'టీబింగ్' చేశాడు. బేజెంట్, లీ ఇద్దరూ తమ పుస్తకాన్ని వాడుకున్నారని లండన్ హైకోర్టుకెక్కారు. లింకన్ ఆ దావాలో చేరలేదు. 2006 ఏప్రిల్‌లో జడ్జి పీటర్ స్మిత్ దావా కొట్టేశారు. కొట్టేస్తూ తీర్పులోనే అక్కడక్కడ వాలు అక్షరాలు పెట్టి తానూ ఒక సంకేత లిపి దాచారు. ఈ సంగతులు తెలిసి చదివితే టీబింగ్ గుర్రాల్లా పరిగెత్తించే ఉపన్యాసాల్లో ఎవరి గొంతు వినబడుతోందో తెలుస్తుంది. చివర్లో ఎవరు ముసుగు తీస్తారన్న ఆత్రం ఒక్కటే నష్టం. ఆ ఆత్రం ఎటూ రెండోసారి చదివేటప్పుడు ఉండదు.

మూడోది. నవల మొదట్లో 'వాస్తవం' అని ఒక పేజీ ఉంటుంది. ప్రయరీ ఆఫ్ సయన్ 1099లో పుట్టిన నిజమైన సంస్థ అని, పుస్తకంలోని కళాఖండాలు, కట్టడాలు, పత్రాల వర్ణనలన్నీ ఖచ్చితమైనవని అందులో రాసుంది. దాన్ని నమ్మండి. చదువుతున్నంతసేపూ ఫోన్ ముట్టుకోవద్దు, ఏదీ వెతకొద్దు. అడుగడుగునా సరిచూసుకుంటూ చదివినవాళ్లకి చివరికి తప్పుల పట్టీ మిగులుతుంది. అన్ని కోట్లమంది ఎందుకు లొంగిపోయారో మాత్రం వాళ్లకి ఎప్పటికీ అర్థం కాదు.

నవల మూసిన మర్నాడు మాత్రం ఒక్కటీ వదలకుండా అన్నీ సరిచూడండి. ఇందులో బద్ధకం పనికిరాదు. ప్రయరీ ఆఫ్ సయన్‌ని 1956లో పియేర్ ప్లాంతార్ అనే ఆయన ఫ్రాన్స్‌లో రిజిస్టర్ చేయించాడు. తాను రాజవంశీకుణ్ణని చూపించుకోవడానికి దొంగ పత్రాలు పుట్టించి ప్యారిస్ జాతీయ గ్రంథాలయంలో చేర్పించాడు. నవల్లో మహారహస్యంగా కనబడే పత్రాలు అవే. సెయింట్ సుల్పీస్ చర్చి నేల మీది ఇత్తడి గీత ప్యారిస్ మధ్యాహ్నరేఖ కాదు. ఈస్టర్ తేదీ కట్టడానికి పద్దెనిమిదో శతాబ్దంలో సూర్యకిరణం పడేలా ఏర్పాటు చేసుకున్న గీత అది. నవల చదివి వచ్చే జనాన్ని తట్టుకోలేక ఇక్కడ అన్యమతాల గుడి ఎప్పుడూ లేదని చర్చివాళ్లు కాగితం అంటించాల్సి వచ్చింది. మృతసముద్రపు చుట్టలు దొరకడం మొదలైంది 1947లో, టీబింగ్ చెప్పినట్టు యాభైల్లో కాదు. వాటిలో ఏసు ప్రస్తావనే లేదు. టెంప్లర్లనే క్రైస్తవ యోధులు కట్టారని నవల చెప్పే స్కాట్లాండ్‌లోని రోజ్లిన్ చాపెల్ పునాది పడింది 1446లో, ఆ టెంప్లర్ల సంఘాన్ని పోపు రద్దు చేసింది 1312లో.

నమ్మడం, విడిపించుకోవడం రెండూ జరిగితేనే ఈ నవల చదివినట్టు. మొదటిదాని దగ్గరే ఆగినవాళ్లు మెచ్చుకుంటారు, రెండోదానితో మొదలుపెట్టినవాళ్లు తిడతారు. పాఠకుల అభిప్రాయాలు ఇంతలా చీలిపోవడానికి నాకు కనబడే కారణం ఇదే.

ఇక నొచ్చుకున్నవాళ్ల మాట. వాళ్లని దాటి వెళ్లకండి. విశ్వాసి అయిన క్రైస్తవుడికి మగ్దలీన్ మరియ కథ సరదా పొడుపుకథ కాదు. ఓపస్ డెయి అనే కాథలిక్ సంస్థలో సన్యాసులే ఉండరు, నవల్లో ఆ సంస్థ సన్యాసే హంతకుడు. అతని పేరు సైలస్, పుట్టుకతోనే ఒంటికి రంగు లేని మనిషి. ఆ స్థితిలో ఉన్న చాలామందికి చూపు మందగించి ఉంటుంది. అమెరికాలో వాళ్ల సంఘం ఈ పాత్రకి గట్టిగానే అభ్యంతరం చెప్పింది, సినిమాల్లోనూ నవలల్లోనూ తమని ఎప్పుడూ దుర్మార్గులుగానే చూపిస్తారని. తెల్లవార్లూ ఉత్కంఠగా చదివినవాళ్లలో చాలామందికి ఆ సంగతి తట్టనే తట్టదు. ఇలాంటి అభిప్రాయం ఒకటి చేతిలో ఉంటే పది మెప్పుల కంటే విలువైనది.

మన దగ్గర ఈ గొడవ పుస్తకం మీద కాదు, సినిమా మీద జరిగింది. 2006లో టామ్ హాంక్స్ నటించిన సినిమాకి సెన్సారు పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ ఇచ్చాక కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. హైకోర్టు అదే జూన్‌లో దాన్ని కొట్టేసింది. నిషేధం కోరడం నాకు నచ్చదు. కానీ కోరినవాళ్లు ఎందుకు కోరారో వాళ్ల నోటే వినాలి.

ఉంబెర్తో ఎకో 'ఫూకోస్ పెండ్యులమ్' చదవండి, ఇదెందుకు అని పెద్ద పాఠకులు అంటారు. 1988 నాటి ఆ నవల్లోనూ టెంప్లర్లే, కుట్రలే. ముగ్గురు పుస్తకాలవాళ్లు ఉబుసుపోక అల్లిన కుట్ర వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. గొప్ప నవల, సందేహం లేదు. కానీ ముందు బ్రౌన్‌నే చదవండి. రహస్యం కోసం మనిషి ఎలా వెంపర్లాడతాడో మీ ఒంటి మీదికి వచ్చాకే ఎకో చెప్పేది నాటుతుంది. ఆ వరస మారిస్తే ఎకో ఉత్త పాండిత్యంగా కనబడతాడు.

చదివేటప్పుడు చేతిలో పెన్సిలు పెట్టుకోండి. ఆపలేకపోయిన చోట ఒక గుర్తు, చిరాకు పుట్టిన చోట ఇంకో గుర్తు. తరవాత ఆ కాపీని, ఈ నవల ఖచ్చితంగా నచ్చదని మీరనుకునే మనిషికి ఇవ్వండి. వేరే రంగు పెన్సిలు కూడా ఇవ్వండి. పుస్తకం తిరిగొచ్చాక ఇద్దరి గుర్తులూ ఒకే పేరా మీద పడిన పేజీలు వెతికి, ముందు వాటి గురించి పోట్లాడుకోండి.