చెట్టు చుట్టూ తిరిగే ఉద్యోగం

పదింటికి చెట్టు దగ్గరికొచ్చి, పదిన్నరకి కొమ్మ కింద పడేసి, పదకొండు కాకుండానే బండెక్కి వెళ్ళిపోతారు. దాన్ని పనంటారు మీరు. మా రోజుల్లో పదకొండింటికి మేమింకా ఆ చెట్టు వైపు చూస్తూనే ఉండేవాళ్ళం. నవ్వకురా అబ్బాయ్. చూడటమే సగం పని. మిగతా సగం టీ.

మా రోజులంటే ఏ రోజులని నువ్వు అడగవు, నీ చూపు ఫోన్ మీద ఉంది. అయినా చెబుతాను. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న లైను బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. ఆ పట్టాలు పట్టుకునే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మావాళ్ళు ఒకడి వెనక ఒకడు బెంగాల్‌లోని ఈ ఖరగ్‌పూర్ చేరారు. ఒకడు లోకో షెడ్డులో, ఒకడు వర్క్‌షాపులో, ఒకడు గ్యాంగులో. 1955లో అది సౌత్ ఈస్టర్న్ రైల్వే అయినా మా నాన్న పోయేదాకా బి.ఎన్.ఆర్. అనే అన్నాడు. ఆ మొండితనం ఆస్తిగా నాకొచ్చింది, ఇంకేమీ రాలేదు. నేను ఐ.ఓ.డబ్ల్యూ. గారి కింద, అంటే ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్ కింద, ఖలాసీని. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నాయన్ని ఎస్.ఎస్.ఈ. అంటున్నారు. క్వార్టర్ల పెంకుల మీదికి వంగిన కొమ్మలు, రోడ్ల పక్కన ఎండిన మానులు మా బ్యాచ్ వంతు. అప్పుడు పర్మనెంటు ఖలాసీలం, ఇప్పుడేమో టెండరు, కాంట్రాక్టరు, ఆయన కింద ఇంకో కాంట్రాక్టరు, అందరికన్నా కింద నువ్వు.

మా మేస్త్రీ చెట్టు దగ్గరికి రాగానే ముందు చుట్టూ తిరిగేవాడు. గుళ్ళో కూడా అంత ఓపిగ్గా తిరిగి ఉండడు. గొడ్డలి తిరగేసి వెనకవైపుతో మొదట్లో నాలుగు పక్కలా కొట్టి చెవి ఒగ్గేవాడు. చేవ ఉన్న మాను ఒక రకంగా పలుకుతుంది, డొల్ల మాను ఇంకో రకంగా పలుకుతుంది. మొదట్లో బెరడు మీద గట్టి పుట్టగొడుగు పెంకులు లేచాయంటే లోపల కుళ్ళు పట్టిందని, ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. తర్వాత తల పైకెత్తి కాకి గూడెక్కడ, తేనెపట్టెక్కడ, ఎర్రచీమలు ఆకులు కుట్టుకున్నదెక్కడ అని వెతికేవాడు. చీమల గూడు కనబడిందా, పని ఆగినట్టే. మాతో వచ్చే సంతాల్ కూలీలు దాన్ని జాగ్రత్తగా దింపి మూట కట్టుకునేవాళ్ళు. కుర్‌కుట్ అని, చీమలు, గుడ్లు కలిపి ఉప్పూ మిరపకాయా వేసి నూరుతారు. మావాళ్ళు ముక్కులు మూసుకుని వెక్కిరించేవాళ్ళు, మధ్యాహ్నం అన్నాల దగ్గర మాత్రం కొంచెం ఇటు వెయ్యమని అడిగేవాళ్ళు. పుల్లగా బాగుంటుంది.

ఆ తర్వాత అసలు చర్చ. మట్టి ముంతల్లో టీ, కాగితం పొట్లంలో ఆవనూనె కలిపిన ముడి, పచ్చిమిరపకాయ. ముడి అంటే మీ మరమరాలే. కొమ్మ తూర్పుకి దింపాలని మావాడంటే, తూర్పున మున్షీ గారి బాత్రూం ఉందని బెంగాలీ దాదా అనేవాడు. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా ఒకే వాక్యంలో దొర్లేవి. చర్చ అక్కడి నుంచి మోహన్ బగాన్ ఫుట్‌బాల్ మీదికి, మోహన్ బగాన్ నుంచి మాతా పూజ చందాల మీదికి పోయి, ఎండెక్కాక మళ్ళీ కొమ్మ దగ్గరికొచ్చేది. ఇందులో ఎంత పని, ఎంత కాలక్షేపం అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. రెండిటి మధ్య గోడ కట్టడం మా రోజుల్లో లేదు.

ఎక్కడమా? కల్లుగీత ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మాలో ఇద్దరు ముగ్గురుండేవాళ్ళు. నడుముకి మోకు, కాళ్ళకి బందం, అంతే. ఇక్కడి బెంగాలీ శివులీలు మాత్రం ఈతచెట్టు పని తప్ప ఇంకోటి ముట్టరు. చలికాలం రాగానే చెట్టు తల దగ్గర చెక్కి ముంత కట్టి, తెల్లారే రసం దింపి, వండి బెల్లం చేస్తారు. ఒక ఏడు ఒక పక్క చెక్కితే మరుసటి ఏడు రెండో పక్క. అందుకే మాను పొడుగునా అటొకటి ఇటొకటి గంట్లుంటాయి. ఆ గంట్లు లెక్కేసి చెట్టు ఎన్నేళ్ళుగా గీతలో ఉందో చెప్పేవాళ్ళం. నువ్వేమో ఈతచెట్టుకీ తాటిచెట్టుకీ తేడా చెప్పడానికి ఫోన్ కెమెరా పెడతావు.

ఇప్పుడు నీకు హెల్మెట్, బెల్టు, పైన హుక్కు. తెలంగాణలో 2024లో గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం అని కిట్లు ఇచ్చారు. ఇవన్నీ కట్టుకునేసరికి మేం సగం చెట్టు ఎక్కేసేవాళ్ళం. మా రోజుల్లో ఎవరూ పడలేదు. పడినవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదనుకో, అది వేరే సంగతి.

కొమ్మ దింపడం మాత్రం నా దగ్గర నేర్చుకో. పెంకుటింటి మీదికి పాకిన కొమ్మకి తాడు కట్టి, ఆ తాడు పై పంగలోంచి వేసి, కింద రెండో కొసని మొదలు చుట్టూ రెండు చుట్లు తిప్పి ఒకడు పట్టుకోవాలి. పైవాడు ముందు కొమ్మ కింద నుంచి కోత పెట్టాలి, మూడో వంతు లోతు. తర్వాత జానెడు అవతల పై నుంచి కోత. అలా కాకుండా పై నుంచే మొదలుపెట్టావా, కొమ్మ బరువుకి విరిగి బెరడంతా మొదటిదాకా చీలుకుని పోతుంది. కిందవాడు తాడు కొంచెం కొంచెం వదలాలి. పల్లకీలోంచి పెళ్ళికూతుర్ని దింపినట్టు దిగేది కొమ్మ. పెంకు ఒక్కటి కదిలేది కాదు. కదిలితే ఆ క్వార్టరావిడ నోరు మాకు తెలుసు.

ఆ మిగిలిన మొండెం మానుకి సమంగా, నున్నగా కోసి పైన తారు పూసేవాళ్ళం. తొర్రలుంటే సిమెంటు కూరేవాళ్ళం. ఇదే చెబితే మా మనవడు నవ్వాడు. అలెక్స్ షైగో అని అమెరికాలో ఒకాయన, అక్కడి అటవీ శాఖ మనిషి, వేల చెట్లను నిలువునా చీల్చి చూసి తేల్చాడట, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే పట్టీని వదిలి కొయ్యాలని, తారు వల్ల కుళ్ళు ఆగదని, చెట్టు తన గాయాన్ని తానే లోపల గోడలు కట్టి మూసుకుంటుందని. తారు కోసం స్టోర్స్‌లో ఎన్ని సంతకాలు పెట్టించుకున్నామో ఆయనకేం తెలుసు. చెట్లు చీల్చి చూడ్డానికి ఆయన వాడింది కూడా ఈ దిక్కుమాలిన చైన్ సానేనట. అది విన్నాక రెండు రోజులు మా మనవడితో మాట్లాడలేదు.

ఎందుకంటే నా పగంతా ఆ చైన్ సా మీదే. ఇద్దరు పట్టే రంపానికి అవతలివాడి ఊపిరి తెలియాలి. వాడు లాగుతుంటే నువ్వు తొయ్యకూడదు, వదలాలి. భార్యతో గొడవపడి వచ్చినవాడిని రంపం పట్టుకోగానే కనిపెట్టేవాళ్ళం. నీ మిషను పెట్టే రొదలో ఎవడితో ఏం మాట్లాడతావు? చెవుల్లో బిరడాలొకటి. పని అయ్యాక కూడా ఆ బిరడాలు తియ్యరు, పాటలంటారు.

పట్టాల మీద తీగలొచ్చాక ఇంకో తద్దినం మొదలైంది. ఇరవై అయిదు వేల వోల్టులు, రెండు మీటర్ల లోపలికి పోకూడదు, పవర్ బ్లాక్ ఇవ్వాలి, ఎర్తింగ్ చెయ్యాలి, పర్మిట్ కాగితం చేతికి రావాలి. ఇక్కడ మాత్రం సణగను. ఆ కాగితం లేకుండా చెయ్యెత్తకు.

చెట్టు మొత్తం కొట్టాలన్నా ఇప్పుడు కాగితమే. 2006లో బెంగాల్‌లో చెట్లకి చట్టం వచ్చింది, అడవి బయట ఉన్న చెట్టయినా అనుమతి తెచ్చుకోవాలి. మా రోజుల్లో సాహెబు గారి కారు మీద రెండు నేరేడు పళ్ళు రాలితే చాలు, మర్నాడు మేం గొడ్డళ్ళతో అక్కడుండేవాళ్ళం. ఎంత హాయిగా జరిగిపోయేది పని! ఆ నేరేడు పళ్ళు మళ్ళీ ఎక్కడా తినలేదులే.

చెట్టుకి వైద్యం అంటే శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ మర్రి చూడు. ఇక్కణ్ణుంచి లోకల్ ఎక్కితే ఒక్క రోజులో పోయి రావచ్చు. 1864లో, 1867లో తుఫానులకి దెబ్బతిని, బూజు పట్టి, 1925లో అసలు మానునే తీసేశారు. ఊడల మీద చెట్టు ఇంకా పాకుతూనే ఉంది. ఆ మాను తీసే ముందు ఆ మనుషులు ఎన్నాళ్ళు చుట్టూ తిరిగి ఉంటారో, ఎన్ని ముంతల టీ తాగి ఉంటారో! మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు. పేపర్లో ఆ ఫొటో చూసి ముందు నవ్వాను, తర్వాత నా బీపీ మాత్ర వేసుకున్నాను.

సరే, వచ్చే వారం మథురాకాటి వైపు మీకు పనుందని విన్నాను. అక్కడి వేపల్లో ఈ ఎండాకాలం కాకి గూళ్ళున్నాయి, చూసుకుని కత్తి పెట్టండి. కొమ్మ మొదట్లో ఆ పట్టీ వదిలి కొయ్యండి, తారు జోలికి పోకండి. నన్ను పిలవండి. ఎక్కను, కింద నిలబడి తప్పులెన్నుతాను. టీ డబ్బులు మాత్రం మీవే.