గండికోటలో ఏడు రోజుల సేవ: కొత్త పీఓ గారికి సలహాలు

ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసరుగా మీ పేరు ఖాయమైందట. స్టాఫ్ రూములో అందరికంటే చిన్నవారు మీరే కాబట్టి ఆ పదవి మీకే రావాలి, వచ్చింది. అభినందనలు. ఈ ఏడు ప్రత్యేక శిబిరం గండికోటలో పెడతామని ప్రిన్సిపాల్ గారికి అప్పుడే మాటిచ్చేశారని కూడా విన్నాను. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే, ఫొటోలు బాగా వస్తాయి. సేవకు ఇంతకన్నా అనువైన చోటు మన జిల్లాలో లేదు.

ముందు డబ్బు సంగతి. ఈ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) పుట్టింది 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏడాది. అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలుపెట్టారు. ప్రారంభోపన్యాసంలో ఈ అంకెలు చదవండి, చప్పట్లు పడతాయి. శిబిరం గ్రాంటు మాత్రం చదవకండి. తలా 450 రూపాయలన్నది చాలా ఏళ్లు నడిచిన లెక్క, తర్వాత కొంత పెంచారు. ఆ పాత లెక్కన యాభై మందికి 22,500. ఏడు రోజులకు పంచితే మనిషికి రోజుకు 64 రూపాయల చిల్లర. టిఫిను, రెండు పూటల భోజనం, బస్సు, పారలు, గంపలు, ముఖ్య అతిథికి శాలువా, అన్నీ అందులోనే. బెంబేలు పడకండి. శాలువా, దండలు, ఫ్లెక్సీ ఖర్చు ముందు పక్కన పెట్టేసి, మిగిలిన దాంట్లో పిల్లలకు అన్నం పెట్టండి. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి. రాత్రికి ఊళ్లో ఎవరో ఒకరు పెట్టకపోరు. సేవ చేయడానికి పోయినవాళ్లకు ఊరే సేవ చేయడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే.

ఇక శ్రమదానం. పెన్న లోయ అంచుకు పిల్లల్ని తోలకండి. అక్కడ ఎర్ర బండల సందుల్లో నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు, బిర్యానీ డబ్బాలు ఇరుక్కుని ఉంటాయి. ఆ సందులో చెయ్యి పట్టదు. కట్టెపుల్ల పెట్టి లాగితే సంచి సగం చినిగి పైకొస్తుంది, తక్కిన సగం ఇంకా లోపలికి జారుతుంది. ఒక బండ దగ్గరే అరపూట గడుస్తుంది, గంప మాత్రం నిండదు. ఇలాంటి పనికి ఫొటో విలువ లేదు. జామియా మసీదు ముందో, ధాన్యాగారం ముందో ఊడిపించండి. చెత్త తక్కువ, వెనక కనిపించేది ఎక్కువ. చీపుర్లు యాభై కొనకండి, డజను చాలు. ముందు వరసకు ఇచ్చి, వెనక వరస వాళ్లను కాస్త వంగమంటే సరిపోతుంది.

గోడల మీద బొగ్గుతోనూ మేకుతోనూ జంటల పేర్లు రాసి ఉంటాయి. వాటి మీద నాలుగు డబ్బాల పెయింటు కొట్టించి, ‘గోడలను కాపాడుదాం’ అని పెద్ద అక్షరాల్లో రాయించండి. పురావస్తు శాఖ బోర్డు అడ్డం వస్తే దాని ముందు మీ ఫ్లెక్సీ కట్టండి. రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే 1958 నాటి చట్టం, దాని 2010 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్న మాట నిజమే. అది ఆ జంటలకు వర్తిస్తుంది లెండి, మనది సేవ.

సర్వే దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు మొదటి ఏడాది కాగానే రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. ఇంటింటికీ తిరగాలి, లాగ్ బుక్ రాయాలి, రిపోర్టు ఇవ్వాలి. కూలి లేదు, క్రెడిట్లు ఉన్నాయి. మీ శిబిరంలోనూ అలాంటి ఫారాలే ఉంటాయి కాబట్టి రెండింటికీ ఒకటే మందు చెబుతాను. చింతచెట్టు కింద కూర్చుని నింపించండి. ‘ప్రధాన వృత్తి: వ్యవసాయం’, ‘తాగునీరు: ఉంది’, ‘అభిప్రాయం: సంతృప్తికరం’. మొదటి ఫారం ఒక్కటి చూసుకుని రాయిస్తే తక్కిన నలభై తొమ్మిదీ వాటంతటవే నిండుతాయి.

పొరపాటున కూడా పునరావాస కాలనీల వైపు పోనివ్వకండి. గండికోట జలాశయంలో 26.85 టీఎంసీలు పడతాయి. తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఆ నీళ్ల కింద ఉన్నాయి. అక్కడ నుంచి లేచి వచ్చినవాళ్లను ‘మీ ఇల్లు సొంతమేనా అవ్వా?’ అని ఏ అమ్మాయో అడిగిందనుకోండి, ఫారంలో ఆ జవాబుకు గడి చాలదు. ఆ అమ్మాయి పొద్దు గూకినా శిబిరానికి రాదు. వచ్చాక మిమ్మల్ని ప్రశ్నలు వేస్తుంది. ప్రశ్నలు వేసే వాలంటీరుతో శిబిరం నడపడం చాలా కష్టం.

మీకు ఇంకో ఆలోచన కూడా రావచ్చు. కోట చుట్టూ అభివృద్ధికి 2024లో కేంద్రం 77.91 కోట్లు మంజూరు చేసింది. అందులో పిసరంత తీసి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు డిగ్రీ పిల్లలను శనాదివారాలు గైడ్లుగా పెట్టి రోజుకింత ఇస్తే ఏం పోయిందని. 1652లో టావెర్నియే వజ్రాల బేరానికి వచ్చి మీర్ జుమ్లాను ఇక్కడే కలిశాడని టూరిస్టులకు వాళ్లు చెబుతారు, ఫీజుకు నాలుగు రాళ్లు వస్తాయి, సీసా పారేసేవాణ్ణి అప్పటికప్పుడే ఆపుతారు. రానివ్వకండి ఆ ఆలోచన. అమెరికాలో 1964 చట్టంతో అలాగే ‘వర్క్ స్టడీ’ మొదలుపెట్టారు. చదువుకునే పిల్లలకు సర్కారు సొమ్ముతో జీతమిచ్చే పని. కాలేజీకి వచ్చిన ఆ నిధిలో కనీసం 7 శాతం సమాజ సేవ పనులకే పోవాలని నియమం కూడా పెట్టుకున్నారు. అక్కడికి పోయిన మన పిల్లలకు ఆ సొమ్ము రాదు, అది వాళ్ల పౌరులకు, శాశ్వత నివాసులకు. మనవాళ్లు క్యాంపస్ క్యాంటీన్లలో వారానికి ఇరవై గంటల పనితో సరిపెట్టుకుంటారు. సేవకు కూలి ఇస్తే సేవ పవిత్రత పోతుందని ఇక్కడ పెద్దలంతా ఒప్పుకున్న మాట. అలా ఒప్పుకున్నవాళ్లలో నెలజీతం లేనివాళ్లు ఎవరూ నాకు తగల్లేదు.

మరో చిన్న జాగ్రత్త. వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. వంట చేసిన గంటలు, బస్సు కోసం నిలబడ్డ గంటలు, ముఖ్య అతిథి కోసం ఎండలో ఎదురుచూసిన గంటలు అన్నీ కలపండి. ఆ ఒక్క ముఖ్య అతిథి దయవల్లే సగం లెక్క తేలుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, యూసీ. ఖర్చు చేశామని సంతకం పెట్టి పంపే ఆ కాగితం వేళకు అందకపోతే వచ్చే ఏడు గ్రాంటు ఆగుతుంది. బండల సందుల్లో సీసాలు అలాగే ఉన్నాయా, తీశారా అన్నది ఆ కాగితంలో ఏ గడిలోనూ అడగరు.